చేతితో చేసి చూచిన జపాను

దేశాంతరము పోయి వచ్చినవారిని మన యింటివారు మొదట నడుగు ప్రశ్న "ఏమి చూచి వచ్చితిరి?" అనునది. "ఏమి చేసి వచ్చితిరి?" అని యడుగువారు అరుదు. జపాను దేశమునుండి తిరిగి వచ్చిన మమ్ము మా మనుమరాలు మాత్రము ఆ రెండవ ప్రశ్నయే యడిగినది. మేము పెట్టె తెఱచి మూడు వస్తువులను దాని యెదుట నుంచితిమి. మొదటిది ఒక ప్రక్క మందముగాను, మఱియొక ప్రక్క పలుచగాను ఉన్న కాగితము. రెండవది రంగు గీత దాటి పోయిన పట్టు రుమాలు. మూడవది అడుగున రెండు నీలివలయములు గల తెల్లని పింగాణి గిన్నె. మొదటి రెండును మేము స్వహస్తములతో చేసినవి. మూడవది కొనినది. దానిలో మేమేమి రుచి చూచితిమో యింటిలో చెప్పుటకు కొంచెము జంకితిమి. సోదరీమణులకు ఆ సంగతియు దాచక చెప్పవలెనను తలంపుతోనే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

జపాను ప్రభుత్వమువారు 1974 వ సంవత్సరమున సంప్రదాయ హస్తకళల కొఱకు ఒక చట్టము చేసిరి. నిత్యజీవనమునకు పనికివచ్చు వస్తువై, ముఖ్యమైన పని చేతితో జరుగుచు, నూఱేండ్లుగా నిలిచిన పద్ధతి గలదైనచో దానికి ఆ చట్టము క్రింద గుర్తింపు లభించును. ఇట్టివి నేడు 240 కి పైగా కలవు. అయినను చట్టము కళను గుర్తింపగలదు గాని, కొనువారిని పుట్టింపజాలదు. కిమోనో ధరించు స్త్రీలు పండుగలకును పెండ్లిండ్లకును మాత్రమే ధరించుచున్నారు. చేతి కాగితముతో తలుపులు కప్పించుకొను ఇండ్లు తగ్గినవి. పడుచువారు పట్టణములలోని కొలువులకు పోవుచున్నారు. కావున పనివారు తమ శాలల తలుపులు బాటసారులకు తెఱచిరి. ముందుగా చెప్పి, కొంత రుసుము చెల్లించి, గంట రెండు గంటలు వారి ప్రక్క కూర్చుండి పని నేర్చుకొనవచ్చును. మాతో మా కోడలును వచ్చినది. మే మిరువురము అట్టి రెండు శాలలను, ఒక సాకే శాలను చూచి వచ్చితిమి.

కాగితపు గ్రామము

ఫుకుయి మండలమునందు ఎచిజెన్ అను పట్టణము కలదు. 2024 మార్చి నెలలో షింకన్‌సెన్ అను వేగపు రైలుమార్గము పొడిగింపబడి, ఎచిజెన్-తకెఫు అను స్టేషను ఏర్పడినది గాన ప్రయాణము సులభము. కొండల నడుమ ఒక యేటి లోయలో కాగితము చేయు పల్లెలు కలవు. అచ్చటివారు చెప్పుకొను కథ యొకటి. సుమారు పదునైదువందల యేండ్ల క్రిందట ఆ యేటి యెగువ నొక సుందరి కనబడి, "మీకు పొలములు తక్కువ, నీరు మాత్రము నిర్మలము. కాగితము చేసి జీవింపుడు" అని చెప్పి, తన పైవస్త్రమును వెదురునకు తగిలించి, పని నేర్పి మాయమైనదట. పేరడుగగా ఎగువ నుండుదాననని మాత్రమే చెప్పినదట. కావుననే ఆమెను కవకామి గోజెన్ అని, అనగా ఏటి యెగువ తల్లియని కొలుచుచున్నారు. కాగితమునకు దేవత, ఆ దేవత స్త్రీ యని వినగానే మా కోడలు చేతులు జోడించినది. ఆ పల్లెల కాగితము సామాన్యమైనది కాదు. 1868 లో మెయిజీ ప్రభుత్వమువారు మొట్టమొదట వేసిన నోట్లు ఎచిజెన్ కాగితముమీదనే ముద్రింపబడినవి.

కాగితమునకు మూలము కోజో అను చెట్టు బెరడు. ఇది మన కంబళిపండ్ల చెట్టు జాతికి దగ్గఱిది. బెరడు పట్టలను క్షారజలములో నుడికించి, చల్లని పాఱు నీటిలో ముంచి, అందు మిగిలిన నలుసులను ఒక్కొక్కటిగా వ్రేళ్లతో ఏఱివేయుదురు. బియ్యములో రాళ్లేఱిన వారికి ఈ పని యెట్టిదో చెప్పనక్కఱలేదు. ఇది పూర్వమునుండియు స్త్రీల పనియే. తరువాత ఆ నారను మెత్తగా దంచి, నీటి తొట్టిలో కలిపి, తొరొరో-అవోయి అను మొక్క వేరునుండి తీసిన జిగురును చేర్తురు. ఆ మొక్క మన బెండకు చుట్టము. బెండకాయ కోసినప్పుడు చేతికంటు జిగురువంటిదే యిదియు. ఈ జిగురు కాగితమును అంటించుటకు కాదు. నార అడుగునకు దిగిపోక నీటిలో సమముగా తేలియాడుటకు. వేడిమి తగిలిన నది పలుచబడి సత్తువ కోల్పోవును. అందువలన మంచి కాగితము శీతకాలముననే చేయవలెను. మంచు కురియుచుండగా చేతులు ఆ నీటిలో ముంచి దినమంతయు నిలుచుండు ఆ స్త్రీల కష్టము చదువరులు ఊహించుకొందురు గాక.

శాలలో మాకు నేర్పిన యామె వృద్ధురాలు. వెదురు పుల్లల చాపను చట్రములో బిగించి, తొట్టిలో ముంచి, ముందునకును వెనుకకును ఊపి, మిగులు నీటిని విదిలించి చూపెను. జల్లెడ పట్టినంత సులభముగా కనబడినది. మేము ముంచగా నార అంతయు ఒక మూలకు జరిగి ముద్దయైనది. ఆమె నవ్వలేదు. చట్రమును బోర్లించి ఆ ముద్దను తొట్టిలో మరల కలిపివేసి, ఇంకొకసారి యని సైగచేసెను. నాలుగవసారికి ఒక కాగితమైనది. అది మా మనుమరాలు చూచిన కాగితము. ఆమె చేసినవి ఒకదానిపై నొకటి వందలకొలది పేర్చియున్నవి. ఏ రెంటికిని మందములో భేదము లేదు. మా చేతిలోని కాగితమును, ఆ దొంతరను మార్చి మార్చి చూచినప్పుడు, అంతవఱకు కాగితపు ధర ఎక్కువ యని గొణుగుకొనుచున్న మేము నోరు మూసికొంటిమి.

క్యోటోలో రంగుల పని

అచ్చటినుండి క్యోటో నగరము చేరితిమి. 794 మొదలు వేయి సంవత్సరములకు పైగా ఇది రాజధాని. రాజాంతఃపురములకును దేవాలయములకును కావలసిన వస్త్రములు ఇచ్చటనే సిద్ధమగుచుండెను. నగరములోని నేతవాడకు నిషిజిన్ అని పేరు. 1467 మొదలు 1477 వఱకు జరిగిన ఓనిన్ యుద్ధములో పడమటి సేనలు దిగిన శిబిరస్థలము గనుక ఆ పేరు వచ్చినది. యుద్ధమునకు వెఱచి చెదరిపోయిన నేతగాండ్రు తిరిగి వచ్చి ఆ పాడుపడిన చోటనే మగ్గములు నాటిరి. 1872 లో ఫ్రాన్సు దేశపు జకార్డు మగ్గమును నేర్చి వచ్చుటకు ముగ్గురిని లియాన్ పట్టణమునకు పంపిరి. అందొకడు 1874 లో తిరిగి వచ్చుచు, జపాను తీరము దాపున ఓడ మునిగి మరణించెను. పూర్వాచారమును పట్టుకొని కదలక కూర్చుండిరని చేతిపనివారిని నిందించుట మనకు వాడుక. ఈ కథ యెఱిగినవా రట్లు నిందింపజాలరు.

మేము చేతితో చేసినది నేత కాదు, యూజెన్ అను రంగుల పని. పదునేడవ శతాబ్ది చివర మియజాకి యూజెన్ అను విసనకఱ్ఱల చిత్రకారుని పేర ఇది ప్రసిద్ధికెక్కినది. అబ్బురమేమన, ఇందలి యుపాయమంతయు వంటయింటి బియ్యముతోనే యున్నది. మొదట ఒక నీలి పువ్వు రసముతో పట్టుమీద పువ్వులను, కొమ్మలను గీయుదురు. ఆ గీత నీటిలో మాసిపోవునది. దానిపై జిగట బియ్యపుపిండితో చేసిన జిగురును సన్నని గొట్టమునుండి దారమువలె పిండుదురు. ఈ జిగురు గీత రంగులకు గట్టు. ఒక పూరేకు రంగు ప్రక్క రేకులోనికి పాఱకుండ ఆపును. కుంచెతో రంగులు నింపి, పువ్వుల నన్నిటిని జిగురుతో కప్పి, నేల రంగు పూసి, ఆవిరి పట్టి, కడిగినచో జిగురున్న చోట తెల్లని సన్నగీత మిగులును. పూర్వము ఆ కడుగుట క్యోటోలోని కమో నదిలో జరుగుచుండెను. నదిలో రంగుల బారులు తేలుచుండిన ఆ దృశ్యము ఇప్పుడు లేదు. నీరు చెడునని మాన్పించిరి. ఈ పనులు ఒక్కొక్కటి ఒక్కొక్కరివి. గీయువారు వేఱు, జిగురు పెట్టువారు వేఱు, కడుగువారు వేఱు. ఒక వృత్తివారు లేకపోయిన తక్కినవారి పనియు ఆగిపోవును. క్యోటోవారి భయమంతయు ఇచ్చటనే యున్నది.

బాటసారులకు అంత పని నేర్పుట సాధ్యము కాదు గనుక, కత్తిరించిన అచ్చుకాగితముల గుండ రంగు అద్దు సులభమార్గమును చూపుదురు. మేము గంటసేపు రుమాలుపై చెఱ్ఱిపువ్వులు అద్దితిమి. మా కోడలు చేయి మాచేతికన్న కుదురైనది. మా రంగు గీత దాటినది.

ఇచ్చట మన దేశమునకు సంబంధించిన ముచ్చట యొకటి చెప్పవలెను. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో డచ్చి వర్తకులు మన కోరమాండల్ తీరపు అద్దకపు గుడ్డలను జపానునకు గొనిపోయిరి. వారికి మచిలీబందరులో గిడ్డంగి యుండెను. జపానువారు ఆ గుడ్డలను సరసా యని పిలిచి, తేనీటి వేడుకలలో విలువైన పాత్రలను చుట్టి దాచుకొను సంచులుగా కుట్టించుకొనిరి. జానెడు ముక్కనైన పాఱవేయక దాచిరి. తరువాత వాటిని చూచి తామును చేయ నేర్చిరి. మన తీరమున కలముతో గీసిన పూవు అంత దూరము పోయి ఆదరింపబడినదని తెలిసి సంతోషించితిమి. అంత ఆదరమును మన ఇంటిలో దానికి చూపితిమా యని సిగ్గునుపడితిమి.

ఫుషిమి వాకిట

క్యోటోకు దక్షిణమున ఫుషిమి కలదు. ఒకప్పుడు ఈ పేరును "అడగియున్న నీరు" అను అర్థము వచ్చు అక్షరములతో వ్రాయుచుండిరట. భూమిలో దాగిన మంచినీటికి ఆ యూరు ప్రసిద్ధి. అచ్చటి గోకోనోమియా దేవాలయపు ఊటను 1985 లో దేశపు నూఱు ఉత్తమజలములలో నొకటిగా లెక్కించిరి. ఆ నీటివలన పుట్టినదే ఫుషిమి సాకే. సాకే యనగా బియ్యమును పులియబెట్టి చేసిన మద్యము. మద్యశాలల చూరులకు సుగి చెట్టు ఆకులతో కట్టిన గుండ్రని బంతులు వ్రేలాడుచుండును. శీతకాలమున క్రొత్త సాకే దిగినప్పుడు పచ్చని బంతి కట్టుదురు. అది నెలలు గడచినకొలది గోధుమవన్నెకు మాఱుచుండగా, లోపలి సాకేకును వయస్సు వచ్చినదని దారినిపోవువారు తెలిసికొందురు.

ఆ బంతి క్రింద మా కోడలు నిలిచిపోయినది. ఆమె పుట్టినిల్లు నెల్లూరు జిల్లా. 1992 లో దూబగుంట మొదలుగా ఆ జిల్లా పల్లెలలోని స్త్రీలు సారా దుకాణములను మూయించిన సంగతి చదువరు లెఱుగుదురు. 1993 లో రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది ఆ స్త్రీల పట్టుదలవలననే. ఆ దుకాణముల యెదుట రాత్రింబవళ్లు కూర్చున్నవారిలో మా వియ్యపురాలును ఒకతె. "అత్తయ్యా, మీరు వెళ్లి చూచి రండి. మా అమ్మకు నేనేమని చెప్పుకోను?" అన్నది కోడలు. మే మామెను బలవంతపెట్టలేదు. చూచుట వేఱు, త్రాగుట వేఱు, చేయు విధము తెలిసికొని రమ్ము, తక్కినది నీ యిష్టమని చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి లోపలికి వచ్చినది.

1637 లో స్థాపింపబడిన గెక్కెయికాన్ సంస్థవారు, 1909 లో కట్టిన తమ పాత మద్యశాలను 1982 లో ప్రదర్శనశాలగా తెఱచిరి. అందు మనిషి యెత్తును మించిన కఱ్ఱ తొట్లు, బియ్యము కడుగు గంపలు, గడకఱ్ఱలు నున్నవి. చేయు విధమిది. మొదట బియ్యమును మరపట్టుదురు. మనము తవుడు పోవువఱకు దంపుదుము. వారు గింజలో సగము పోవువఱకు పట్టుదురు. గింజలో 60 పాళ్లో, అంతకు తక్కువయో మిగిలిన బియ్యముతో చేసినది గింజో అనియు, 50 పాళ్లో, తక్కువయో మిగిలినదానితో చేసినది దైగింజో అనియు పిలువబడును. ఆ బియ్యమును కడిగి, నానబెట్టి, ఆవిరిమీద నుడికింతురు. అందు కొంత భాగమును వెచ్చని గదిలో పఱచి, కోజి అను బూజు విత్తనమును పైన చల్లి, రెండు దినములు పసిబిడ్డను కాచినట్లు కాచెదరు. ఆ బూజు బియ్యపు పిండిని తీపిగా మార్చును. ఆ తీపిని ఈస్టు మద్యముగా మార్చును. ఈ రెండు పనులును ఒకే తొట్టిలో ఒకే కాలమున జరుగుటయే సాకే విశేషము. అన్నమును, కోజిని, నీటిని ఒక్కసారి పోయక, నాలుగు దినములలో మూడు విడతలుగా చేర్తురు. పిమ్మట చలిలో మూడు నాలుగు వారములు పులియనిచ్చి వడకట్టుదురు. గడియారములు లేని కాలమున పనివారు పాటలు పాడుచు, పాట పొడవునుబట్టి కలుపు కాలమును కొలిచెడివారట. దంపుళ్ల పాటలు వినిన మనకు ఇది వింత కాదు.

అప్పుడు మా కోడలు ఒక ప్రశ్న వేసినది. ఇన్ని బొమ్మలలోను పనివారందఱు పురుషులే గదా, కడుగుట, వండుట, పులియబెట్టుట యను పనులలో స్త్రీలు లేరేమి యని. చూపించుచున్న పడుచు నిజము చెప్పినది. కొన్ని శతాబ్దులు స్త్రీలకు సాకే శాలలో అడుగుపెట్ట వీలులేకుండెను. అది పవిత్రస్థలమనియు, స్త్రీలు మైల గనుక లోనికి వచ్చిన సాకే చెడుననియు చెప్పుచుండిరి. ఈ మాటలు మనకును క్రొత్తవి కావు. మద్యశాల పెద్దను తోజి యందురు. ఆ మాట ప్రాచీనకాలమున ఇల్లాలిని పిలుచు మాటనుండియే వచ్చినదని కొందఱు పండితుల మతము. అట్లయినచో ఇల్లాలి పేరును ఉంచుకొని ఇల్లాలిని వెలివేసిరన్నమాట.

అయినను కొందఱు ఆగలేదు. నిషినోమియా పట్టణమున తత్సుఉమా కియో అను నామె (1809–1900) తన కుటుంబపు సాకే వ్యాపారమును, గుమాస్తాను ముందుంచి, తాను తెఱవెనుక నిలిచి నడపి, దేశములోనే గొప్ప వ్యాపారములలో నొకటిగా చేసినది. నేడు స్త్రీలు తెఱవెనుక నుండ నక్కఱలేదు. హిరోషిమా మండలమున అకిట్సు అను ఊర ఇమాద మిహో అను నామె తమ మద్యశాలకు తానే తోజి. సాగులోనుండి అంతరించిన హత్తన్‌సో అను వరివంగడమును, దాచియుంచిన విత్తనములనుండి మరల పండించి, దానితో సాకే చేయుచున్నది. 2020 లో బి.బి.సి. వారు ప్రకటించిన నూఱుగురు స్త్రీల పట్టికలో ఆమె పేరున్నది.

రుచి చూచు గదిలో మా చేతికి నీలివలయముల గిన్నె నిచ్చిరి. ఆ వలయములు అలంకారమునకు కావు. తెలుపుపై సాకే రంగును, నీలిపై దాని తేటదనమును చూచుటకు. మొదట కన్నుతో చూచి, పిదప వాసన చూచి, ఒక్క గుటికెడు నాలుకపై నుంచుకొనవలెను. ఇదే వృత్తిగా గలవారు దానిని మ్రింగక ఉమిసివేయుదురు. మేమును అట్లే చేసితిమి. ఒకదానిలో పండిన పండు వాసన తోచినది. మఱియొకదానిలో అన్నపు గంజి కమ్మదనము తోచినది. సముద్రతీరమున నాదా ప్రాంతపు నీరు ఖనిజములు గలదగుటచే అచ్చటి సాకే కటువనియు, ఫుషిమి నీరు మెత్తనిదగుటచే ఇచ్చటిది మృదువనియు చెప్పి, మొదటిదానిని మగ సాకే, రెండవదానిని ఆడ సాకే యని పిలుచుట వాడుక. లోపలికి రానీయని ఆడుదాని పేరు సీసాకు మాత్రము పనికివచ్చినదని మా కోడలు నవ్వినది. ఆమె సాకే ముట్టలేదు. కోజితో చేసి, మద్యము లేని అమజాకె అను తీయని పానీయమొకటి కలదు. మన పాయసమునకు దాయాది. దానిని రెండు గిన్నెలు త్రాగి, ఇది చేయు విధమేమని వ్రాసికొన్నది.

పోదలచినవారికి రెండు మూడు మాటలు. జపానులో ఇరువదియేండ్లు నిండనివారు మద్యము ముట్టరాదు. బండి నడుపువారు ఒక్క చుక్కయైన పుచ్చుకొనరాదు. పని జరుగు గదులలోనికి పోవువారు ఆ దినమున నత్తో అను పులిసిన సోయా గింజలను తినరాదు, దానిలోని సూక్ష్మజీవి కోజికి శత్రువు. అత్తరులు, సువాసన తైలములు పూసికొనరాదు. మనవారు మల్లెపూలు కూడ ఆ పూటకు మానుట మేలు.

2024 డిసెంబరులో యునెస్కోవారు కోజితో సాకే చేయు ఈ విద్యను మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చిరి. అదే సంవత్సరము జనవరి 1 వ తేదీన నోతో ద్వీపకల్పమున భూకంపము వచ్చి, వజిమా పట్టణపు లక్క పాత్రల శాలలును, అచ్చటి సాకే శాలలును కూలిపోయినవి. ఇతర ప్రాంతముల సాకేవారు నోతోవారిని తమ శాలలకు పిలిచి, తమ తొట్లలో వారి సాకే చేయించి, వారి పేరుననే అమ్మించిరి. గోడలు కూలినను చేతిలోని విద్య బ్రతికియుండుట ఇట్లే.

మద్యము మంచిదని చెప్పుటకు మేమిది వ్రాయలేదు. దూబగుంట స్త్రీలు మూయించినది చేతిపనిని కాదు, పేదల కూలిని మ్రింగు వ్యాపారమును. వారి పక్షమున మేము నేడును ఉన్నాము. మా వియ్యపురాలికి అంతయు చెప్పితిమి. ఆమె గిన్నెను త్రిప్పి చూచి, "పచ్చడి వేసుకోను బాగుంటుంది" అన్నది.

ఇక మా తప్పు నొకటి చెప్పి ముగింతుము. పోయిన యేడు ఒక నేతగాడు మా యింటికి చీరలు తెచ్చెను. గంటసేపు బేరమాడి రెండువందల రూపాయలు తగ్గించి, ఇరుగుపొరుగులతో గొప్పలు చెప్పుకొంటిమి. మొన్న అతడే మరల వచ్చెను. మేము చీర అంచును వెలుతురులో పట్టి చూచితిమి. నాలుగుసార్లు ముంచిన ఆ కాగితము మాకు జ్ఞాపకము వచ్చినది. అతడు చెప్పిన ధర ఇచ్చితిమి. అతడు బేరమునకు సిద్ధపడి వచ్చినవాడగుటచే రూకలు చేత పట్టుకొని కొంతసేపు అట్లే నిలుచుండెను.